చెరిపి రాసే సీడీతో పదకొండేళ్లు

నా సీడీ డీటీపీ దుకాణానికి ఎలా వెళ్లేదో అలాగే ఇంటికి తిరిగొచ్చేది. ఈ ఒక్క గుణం కోసమే చెరిపి మళ్లీ రాసుకునే సీడీని, అంటే ఆర్‌డబ్ల్యూ డిస్కును, 2005 నుంచి 2016 దాకా వదలకుండా వాడాను. తోటి ఉపాధ్యాయులంతా పెన్‌డ్రైవులకు మారిపోయాక కూడా వాడాను. "ఇంకా ఆ పళ్లెమేనా సార్?" అని వాళ్లు నవ్వేవారు. నవ్వనీ.

నాది నల్లగొండ. ప్రైవేటు పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పేవాణ్ణి. ప్రశ్నపత్రాలు ఇంట్లోనే 'అను' అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసుకుని, గడియారం సెంటర్ వైపు ఉన్న ఒక దుకాణానికి తీసుకెళ్తే వాళ్లు పేజ్‌మేకర్‌లో సర్ది ప్రింటు తీసి ఇచ్చేవారు. ఆ దుకాణంలో ఉన్నది ఒకటే కంప్యూటర్. కృష్ణా పుష్కరాలప్పుడు వాడపల్లి ఘాట్‌లో జనం మునిగినట్టు ఊళ్లో పెన్‌డ్రైవులన్నీ అందులో మునిగి లేచేవి. పుష్కరాల్లో పాపాలు పోతాయంటారు, ఇక్కడ అంటుకునేవి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మా సైన్స్ సార్ పెన్‌డ్రైవు అడిగి తీసుకెళ్లాను. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి కూర్చున్నాయి. వాటిని నొక్కిన పాపానికి నా కంప్యూటర్‌కూ ఆ జబ్బే పట్టింది.

సీడీతో ఆ బాధ లేదు. దుకాణంలో ఉన్నది చదివే డ్రైవు మాత్రమే, రాసేది కాదు. చదువుతుంది, బయటికి తోస్తుంది, అంతే. ఏ వైరస్ అయినా దాని మీదికి ఎక్కాలంటే ముందు అక్కడ రాసే లేజర్ ఉండాలి కదా.

ఇంటికొచ్చాక దాన్ని పలకలా తుడిచి కొత్తది రాసుకోవడం ఇంకో సుఖం. సాంఘిక శాస్త్రం చెప్పేవాడికి ఇది ఎంత పనికొస్తుందో లెక్కల మాస్టారికి అర్థం కాదు. ఆయన పైథాగరస్ ఎప్పటికీ మారడు. నా జనరల్ నాలెడ్జి పత్రంలో "మన రాష్ట్రంలో జిల్లాలు ఎన్ని?" అన్న ప్రశ్నకు 2014 మే దాకా జవాబు 23, జూన్ నుంచి 10, 2016 దసరాకు 31. నేను మానేశాక 2019లో 33 అయింది. మామూలు సీడీ మీద రాసి ఉంటే మారిన ప్రతిసారీ ఒకటి చెత్తబుట్టలోకే. మొదట్లో మామూలు సీడీ పది రూపాయలకు, ఇది నలభైకి కొన్నాను. నాలుగుసార్లు చెరిపితే డబ్బు తిరిగొచ్చినట్టే అని లెక్క వేసుకున్నాను.

ఈ లెక్కను కొంచెం సవరించాలి. వెయ్యిసార్లు చెరిపి రాయవచ్చంటారు. లోపల వెండి, ఇండియం, ఆంటిమొని, టెల్లూరియం కలిసిన పలుచని పొర ఉంటుంది. లేజర్ దాన్ని ఒకచోట కరిగించి చటుక్కున చల్లారనిస్తే ఒక రూపం, కరగనివ్వకుండా వేడిచేస్తే ఇంకో రూపం. పొర తట్టుకుంటుందేమో కానీ పైనున్న ప్లాస్టిక్ మన దుమ్మును తట్టుకోవాలి కదా. డిస్కు కవరు మీద గీతలు పెట్టి లెక్క రాసుకునేవాణ్ణి. ఏదీ అరవై గీతలు దాటలేదు. సీడీ మీద రాత లోపలి నుంచి అంచువైపు సాగుతుంది, మన వేళ్లేమో ఎప్పుడూ అంచునే పట్టుకుంటాయి. అందుకే నిండా నింపిన డిస్కుల్లో చివరి ఫైళ్లే ముందు మొరాయించేవి. చివరి నూరు ఎంబీ ఖాళీగా వదలడం మొదలుపెట్టాక ఆ గొడవ తగ్గింది. మే నెల ఎండకు పాడవుతాయేమోనని భయపడి కొన్నాళ్లు బియ్యం డబ్బా పక్కన పెట్టాను కానీ, ఎండ వల్ల పోయింది నాకు ఒక్కటీ లేదు.

ఇక అసలు దెబ్బ. డ్రైవుతో పాటు వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్, డిస్కును ఫ్లాపీలా వాడుకోవచ్చని ఊరించింది. ఒకసారి ఫార్మాట్ చేస్తే చాలు, ఫైళ్లు ఒక్కొక్కటే వేయవచ్చు, తీయవచ్చు, అక్కడే తెరిచి దిద్దవచ్చు. 700 ఎంబీలో నూరుకు పైగా ఆ ఏర్పాటుకే పోతుంది. పోతే పోయిందనుకుని 2010 మార్చిలో వార్షిక పరీక్షల పత్రాలన్నీ అలాగే నేరుగా డిస్కు మీద తయారు చేశాను. హార్డ్ డిస్కులో ప్రతి ఉంచలేదు. ఉంచాలని తట్టలేదు.

తెల్లారితే దుకాణానికి ఇవ్వాలి. రాత్రి తొమ్మిది దాటాక చివరి పత్రం దిద్ది సేవ్ నొక్కాను, డ్రైవు దీపం మిణుకుమిణుకుమంటోంది, కరెంటు పోయింది. యూపీఎస్ లేదా అంటే ఉంది. దాని బ్యాటరీ పోయి ఏడాదయింది, పైన గుడ్డ కప్పి మానిటర్ పెట్టుకున్నాం.

పదకొండింటికి కరెంటు వచ్చింది. డిస్కు పెడితే అందులో ఏమీ లేదని, ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటర్ అడిగింది. ఇక్కడ చేసిన తప్పు నాది. చేయమన్నాను. పైగా రెండు పద్ధతులు చూపిస్తే, శుభ్రంగా ఉంటుందని, అరగంట పట్టే పూర్తి పద్ధతి ఎంచుకున్నాను.

మరునాడు మా మేనల్లుడు ఫోన్లో మొదట అడిగిన మాట, "మామయ్యా, ఫార్మాట్ నొక్కలేదు కదా?" కరెంటు పోయినప్పుడు పాడయ్యేది సాధారణంగా ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే పట్టిక మాత్రమేనట, ఫైళ్లు చాలావరకు అక్కడే ఉంటాయట. తొందరగా చెరిపే పద్ధతి కూడా తలవాకిలి మూస్తుందే తప్ప లోపలి సామాను ముట్టుకోదు, తవ్వి తీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. పూర్తిగా చెరిపితే మాత్రం ఇల్లంతా అలికేసినట్టే. నేను అరగంట కూర్చుని, చూస్తూ, అలికించాను.

ఫార్మాట్ చేసిన ఆ రాత్రే రఫ్ నోటుబుక్కు చూసి మా ఆవిడ చదువుతుంటే మళ్లీ టైపు చేశాను. రెండు గంటలైంది. మధ్యలో ఆగి, "ఏమండీ, సాగర్ ఎడమ కాలువ కింద లేని జిల్లా ఏదని అడిగారు. గుంటూరు, ప్రకాశం రెండూ ఇచ్చారేమిటి? రెండూ కుడి కాలువవే కదా" అంది. ఆమె పుట్టిల్లు మిర్యాలగూడ దగ్గర, కాలువ నీళ్లతో పెరిగిన మనిషి. పోయిన పత్రంలో ఆ తప్పు అలాగే ఉంది, రెండుసార్లు దిద్దినా నాకు కనబడలేదు. ప్రకాశం తీసి కృష్ణా పెట్టాను.

అప్పటి నుంచి ఫ్లాపీ పద్ధతి జోలికి పోలేదు. ఫైళ్లు హార్డ్ డిస్కులో ఉంచుకుని, డిస్కు మొత్తం తుడిచి, తక్కువ వేగంతో ఒకేసారి రాసి, ముగించేవాణ్ణి. మొదట పొగిడిన విషయంలోనూ ఒక మెలిక ఉంది. మామూలు సీడీ తన మీద పడిన కాంతిలో కనీసం 65 శాతం తిరిగి పంపితే, ఇది పంపేది 15 నుంచి 25 శాతమే. దేవరకొండలో పరీక్షల పనికి వెళ్లినప్పుడు అక్కడి పాత డ్రైవు నా డిస్కును అసలు గుర్తించలేదు. వైరస్ ఎక్కదు సరే, ఒక్కోసారి ఫైలూ దిగదు.

కిందటి నెల మేనల్లుడు యూఎస్‌బీకి తగిలించే డ్రైవు తెచ్చాడు. దాచుకున్న ఏడు డిస్కులు పెట్టి చూశాం. ఒకేసారి రాసి ముగించిన అయిదూ తెరుచుకున్నాయి. ఒకదాంట్లో చివరి రెండు ఫైళ్లు రాలేదు, అది అంచు దాకా నింపిన రోజుల్లోది. ఫ్లాపీ పద్ధతివి రెండూ ఆ కొత్త ల్యాప్‌టాప్‌లో తెరుచుకోలేదు. తెరుచుకున్న వాటిలోనూ అను ఫాంట్లు లేక అక్షరాలన్నీ పిచ్చిగీతల్లా కనిపించాయి. అది డిస్కు తప్పు కాదు.

ఎవరైనా ఇప్పుడు కొనవచ్చా అని అడిగితే నేను అవుననలేను. నావి చిన్న ఫైళ్లు, వాటి అవసరమూ పరీక్ష అయ్యేదాకే. పెళ్లి ఫోటోలు, భూమి కాగితాల స్కానులు ఉన్నవాళ్లకు నా అనుభవం పనికిరాదు. మా అమ్మాయి పెళ్లి ఫోటోలు నేనూ వీటిలో పెట్టలేదు. వేరే వాళ్ల కంప్యూటర్‌లో పెట్టక తప్పని ఫైలు ఉండి, అక్కడ ఇంకా సీడీ డ్రైవు మిగిలి ఉంటే మాత్రం ఒకటి సంచీలో ఉంచుకోవచ్చు. గడియారం సెంటర్ దుకాణంలో ఆ డ్రైవు తీసేసి చాలా కాలమైంది, ఇప్పుడు వాట్సాప్‌లో పంపమంటున్నారు.