బార్సిలోనాలో స్ట్రోలర్: రెండేళ్ల వాడకం తర్వాత

విమానం క్యాబిన్‌లో పట్టేలా మడిచే ఆరున్నర కిలోల స్ట్రోలర్ (చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి) ఒకటి, పెద్ద చక్రాల పదకొండు కిలోల బండి ఒకటి. రెండూ ఈ ఊళ్లో రెండేళ్లు తిరిగాయి. ఊరికి పదికి ఎనిమిది మార్కులు. తగ్గిన రెండిట్లో ఒకటి మెట్రోది, ఒకటి ఇసుకది.

ఎషాంప్లా, అంటే 1859లో ఇంజినీరు సెర్దా గీసిన ప్లాను ప్రకారం గళ్లుగళ్లుగా కట్టిన భాగం, బండికి స్వర్గం. వీధులు 20 మీటర్ల వెడల్పు, ఫుట్‌పాత్‌లు విశాలం, ప్రతి మూలా వాలు దించి ఉంటుంది. చిక్కల్లా ఆ మూలలతోనే. ఒక్కో గడి నాలుగు మూలలూ ఏటవాలుగా కోసేసినవి కాబట్టి జీబ్రా గీతలు నడిచే దారికి తిన్నగా ఉండవు. లోపలికి మళ్లి, దాటి, మళ్లీ బయటికి రావాలి. గడి ఒక్కో వైపు 113 మీటర్లే, అంటే నిమిషంన్నరకోసారి ఈ మెలిక తప్పదు. మ్యాప్ పది నిమిషాలంటే పద్నాలుగు వేసుకోండి. సామాను వ్యాన్లు ఆగేదీ ఆ మూలల్లోనే, వాటి చాటునుంచి బండి ముక్కు ముందుకు పెట్టకండి.

ఫుట్‌పాత్ మీద పరిచినవి 20 సెంటీమీటర్ల చదరపు పలకలు, చాలాచోట్ల నాలుగు రేకుల పువ్వు అచ్చుతో. చిన్న చక్రాలు వాటి మీద గరగరమంటాయి, అంతే. వాన పడ్డాక మాత్రం కదులుతున్న పలక మీద చక్రం ఎక్కిందా, కింది నీళ్లు ఎగజిమ్మి మీ కాళ్ల మీద పడతాయి.

ఇరుకు సందుల పాత ఊరు గోతిక్ పేటంటే అందరూ భయపడతారు గానీ అక్కడ నేల చాలావరకు చదునైన రాతిపలకలు. ఇబ్బంది సందుల ఇరుకు, దుకాణాల గడపల దగ్గరి ఒక్క మెట్టు. ఉదయం పదిలోపు వెళ్తే జనం పలచగా ఉంటారు. పక్కనే జనం కిటకిటలాడే పెద్ద వీధి రాంబ్లా మీద హ్యాండిల్‌కి సంచి తగిలించొద్దు: జేబుదొంగలకు అందుబాటు, పైగా పిల్లను ఎత్తుకోగానే బండి వెనక్కి తిరగబడుతుంది.

మెట్రోలో ఎక్కువ స్టేషన్లకు లిఫ్ట్ ఉంది, కొన్నిటికి లేదు. లైను మ్యాపులో చక్రాల కుర్చీ గుర్తు చూసుకోకుండా దిగొద్దు. లిఫ్ట్ ఉన్నచోటా అది వీధికి అవతలి పక్కన తేలడం మామూలే. లైను మారడం ఇంకో తలనొప్పి. పసేజ్ దె గ్రాసియా స్టేషన్లో మూడో లైను నుంచి నాలుగో లైనుకు భూగర్భంలో పొడవాటి నడవ; బండితో అయితే పైకొచ్చి రోడ్డు మీద నడవడమే హాయి. రైలు ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి పెద్ద చక్రాలు ముందు పెట్టండి, ముందు చక్రం ప్లాట్‌ఫాం సందులో ఇరుక్కోదు.

బస్సే మేలు. అన్నీ నేలబారువి, బండి నిలిపే చోటు మధ్యలో ఉంటుంది. బండి వీపు బస్సు ముందువైపుకి పెట్టి బ్రేకు తొక్కాలి. నాలుగేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. పది ప్రయాణాల టీ-కాజువల్ కార్డు ఒక మనిషికే. ఇద్దరు ముగ్గురు పంచుకోవాలంటే ముప్పై రోజుల్లో ఎనిమిది ప్రయాణాల టీ-ఫమిలియార్ తీసుకోండి. ఎయిర్‌పోర్ట్ మెట్రోకి టీ-కాజువల్ చెల్లదు, ప్లాసా దెస్పాన్యా నుంచి వెళ్లే 46 నంబరు బస్సుకి చెల్లుతుంది.

గుట్ట మీది గౌదీ పార్కు, పార్క్ గ్వెల్‌కు వాల్కార్కా మెట్రో వైపు ఎస్కలేటర్ల దారి చాలామంది చెప్తారు. బండితో అటు పోవద్దు, మధ్యమధ్య మెట్లూ, నిలువు ఎక్కుడూ. 24 నంబరు బస్సు పై గేటు దగ్గర దింపుతుంది, అక్కణ్ణుంచి అంతా దిగుడే. సగ్రాదా ఫమీలియా చర్చి లోపల నేల చదును. గోపురాల పైకి మాత్రం ఆరేళ్లలోపు పిల్లల్ని రానివ్వరు.

ఎండ సంగతి. వేసవిలో అక్కడ సూర్యుడు నడినెత్తికొచ్చేది దాదాపు రెండింటికి. ఎషాంప్లా వీధులు దిక్కులకు 45 డిగ్రీలు ఒరిగి ఉండటంతో ఏ వీధిలోనైనా ఒక పక్క తొందరగా నీడ పడుతుంది, రోడ్డు దాటి అటు నడవండి. బండి ముందు పల్చటి బట్ట కప్పడం పెద్ద పొరపాటు: గాలి ఆడక లోపల ఉడికిపోతుంది. హ్యాండిల్‌కి బిగించే చిన్న గొడుగు చాలు.

ఇక బార్సెలొనేతా బీచ్. సముద్రం పక్క నడకదారి అద్దంలా ఉంటుంది, చెక్కబాట మాత్రం నీళ్లదాకా రాదు. పొడి ఇసుకలో బండిని తోస్తే ముందు చక్రాలు అడ్డం తిరిగి దిగబడతాయి. వెనక్కి తిరిగి, ముందు చక్రాలు గాల్లోకి లేపి లాగాలి. అసలు దెబ్బ తర్వాత తెలుస్తుంది. ఇసుక చక్రం తిరిగే బొడ్డులోకి చేరి, నాలుగైదు వారాలకు వేగంగా నడిస్తే చక్రం గడగడా వణుకుతుంది. బీచ్ నుంచి వచ్చిన రోజే చక్రాలు ఊడదీసి మంచినీళ్లతో కడిగి, ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు పట్టకారుతో లాగేసి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టాలి. వంటనూనె, గ్రీజు వద్దు. ఇసుక వాటికి అంటుకుని సానరాయిలా ఇరుసును అరగదీస్తుంది. ఇలా చేసినా తేలిక బండి ముందు చక్రాల జత పద్నాలుగు నెలలకే మార్చాల్సి వచ్చింది. పెద్ద బండి చక్రాలు ఇంకా బాగానే ఉన్నాయి, ఎందుకంటే బస్సులో మడవలేక దాన్ని ఎక్కువగా ఇంట్లోనే ఉంచడం జరిగింది.