బే వ్యూ, ఐడిల్‌వైల్డ్: సరస్సు ఒడ్డు విడుదులకు ఏ పద్ధతి మేలు?

సరస్సు ఒడ్డున వేసవి కుటీరాల కాలనీ ఒకటి వెలిసినప్పుడు ఆ నేల ఎవరి పేరిట ఉండాలి? సంఘం పేరిట ఉమ్మడిగా ఉంచి ఇళ్ళు మాత్రం కుటుంబాలకు వదిలిపెట్టడం మేలా, స్థలాలు విడగొట్టి కొనుక్కొన్నవారికి పూర్తి హక్కుతో అమ్మడం మేలా? అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, కారులో కొద్ది గంటల దూరంలో ఉన్న రెండు విడుదులు ఈ రెండు పద్ధతులకూ నిలువెత్తు ఉదాహరణలు. మొదటిది బే వ్యూ, రెండవది ఐడిల్‌వైల్డ్.

ప్రొటెస్టెంటు శాఖల్లో ఒకటైన మెథడిస్టు క్రైస్తవులు వేసవి ప్రార్థనా కూటాల కోసం 1875లో బే వ్యూ సంఘాన్ని స్థాపించారు. మిషిగన్ సరస్సులోకి తెరుచుకొనే లిటిల్ ట్రావర్స్ అఖాతం ఒడ్డున, పెటోస్కీ పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఈ నేల అంతకుముందు ఒడావా ఆదివాసులది. రైలు మార్గం అప్పటికి రెండేళ్ళ క్రితమే పెటోస్కీ చేరడంతో దక్షిణాన ఉన్న నగరాలనుంచి రాకపోకలు సులువయ్యాయి. 1876లో జరిగిన తొలి కూటానికి వచ్చినవారు గుడారాల్లో బసచేశారు. క్రమంగా గుడారాల స్థానంలో చెక్కడపు పనితో కూడిన వరండాల కుటీరాలు లేచాయి. 1886 నుంచి ప్రార్థనలకు తోడుగా ఉపన్యాసాలు, సంగీతం, వేసవి తరగతులు చేరి బే వ్యూ ఒక విద్యాకేంద్రంగా కూడా ఎదిగింది. హెలెన్ కెల్లర్, బుకర్ టి. వాషింగ్టన్ వంటివారు అక్కడి వేదికపై ప్రసంగించారు.

ఇక్కడ ఇల్లు కుటుంబానిది, నేల సంఘానిది. కుటుంబం నేలను లీజుకు తీసుకొంటుంది, ఇంటి రూపు మార్చాలంటే సంఘం అనుమతి తీసుకొంటుంది, మే నుంచి అక్టోబరు వరకే అక్కడ నివసిస్తుంది. పాత ఇల్లు కూలగొట్టి అంతస్తులు కట్టడానికీ, ఒడ్డును కంచె వేసి సొంతం చేసుకోవడానికీ ఈ ఏర్పాటులో దారి లేదు. సుమారు 440 కుటీరాలు, వాటిలో అధికభాగం 19వ శతాబ్దానివి, ఈనాటికీ నిలిచి ఉండటానికీ, 1987లో ఆ ప్రాంతానికి జాతీయ చారిత్రక స్థల గౌరవం దక్కడానికీ ఈ ఉమ్మడి నేలే ప్రధాన కారణమని నా అభిప్రాయం.

అయితే ఇల్లు కొనాలంటే ముందు సంఘంలో సభ్యత్వం ఉండాలి, ఆ సభ్యత్వం దగ్గరే బే వ్యూ చరిత్ర మనసును కలచివేస్తుంది. శ్వేతజాతీయులకు మాత్రమే సభ్యత్వమనే నియమాన్ని 1940ల్లో పెట్టుకొన్నారు; అది 1950ల చివరిదాకా ఉంది. నల్లజాతి నాయకుడైన వాషింగ్టన్ మాట్లాడిన చోటే ఆయన జాతివారికి సభ్యత్వం లేకుండా పోయింది. రోమన్ కాథలిక్కుల సంఖ్యపై కూడా చాలాకాలం పరిమితి విధించారు. క్రైస్తవులే సభ్యులు కావాలన్న షరతు మాత్రం 21వ శతాబ్దంలోకీ కొనసాగింది. సభ్యుల్లోనే కొందరు దానిని వ్యతిరేకించి 2017లో ఫెడరల్ న్యాయస్థానానికి వెళ్ళగా, 2019లో కుదిరిన రాజీతో అది తొలగిపోయింది. డెట్రాయిట్ శివార్లలోని నోవై, ట్రాయ్ వంటి ఊళ్ళలో ఎంతోమంది తెలుగువారు నివసిస్తున్నారు. వారిలో ఒక హిందూ కుటుంబమో ముస్లిం కుటుంబమో అంతకు ఒక్క ఏడాది ముందు బే వ్యూలో కుటీరం కొనాలనుకొన్నా, చేతిలో ఎంత డబ్బు ఉన్నా సాధ్యమయ్యేది కాదు.

ఇటువంటి తలుపులు దేశమంతటా మూసి ఉన్న కాలంలోనే లేక్ కౌంటీ అడవుల మధ్య ఒక చిన్న సరస్సు చుట్టూ ఐడిల్‌వైల్డ్ పుట్టింది. 1910ల్లో కొందరు శ్వేతజాతి వ్యాపారులు అక్కడ భూమి కొని, 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవుగల స్థలాలుగా విడగొట్టి, ఒక్కొక్కటి 35 డాలర్లకు వాయిదాల మీద నల్లజాతివారికి అమ్మారు. వ్యాపారుల ఉద్దేశం లాభమే కావచ్చు. కొన్నవారికి మాత్రం సొంత నేలపై, ఎవరి చీదరింపూ లేకుండా, నీటి ఒడ్డున వేసవి గడపగల అవకాశం తొలిసారిగా చేతికందింది. 1893లో గుండెకు శస్త్రచికిత్స చేసి పేరుపొందిన డాక్టర్ డేనియల్ హేల్ విలియమ్స్ ఇక్కడ స్థిరపడి, 1931లో ఇక్కడే కన్నుమూశారు. పారిశ్రామికవేత్త మేడమ్ సి. జె. వాకర్, మేధావి డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్ కూడా ఇక్కడ స్థలాలు కొన్నారు. వీరి పక్కనే కర్మాగారాల కార్మికులూ, బడిపంతుళ్ళూ ఒకే గది ఉన్న చిన్న ఇళ్ళలో వేసవి గడిపేవారు. స్థల యజమానుల సంఘం ఒకటి ఏర్పడి, వేర్వేరు నగరాల్లో ఉన్నవారిని ఏడాది పొడవునా కలిపి ఉంచింది. 1950ల్లో ప్యారడైజ్ క్లబ్, ఫ్లమింగో క్లబ్‌ల వేదికలపై డెల్లా రీస్, ఫోర్ టాప్స్, జాకీ విల్సన్ వంటివారు పాడేవారు. పగలు పడవలు, చేపల వేట, గుర్రపు స్వారీ, రాత్రి సంగీతం, ఆదివారం చర్చి.

1964 పౌర హక్కుల చట్టంతో ఇతర విడుదుల, హోటళ్ళ తలుపులు తెరుచుకొన్నాయి. ఐడిల్‌వైల్డ్‌కు వచ్చేవారు తగ్గిపోయారు, క్లబ్బులు మూతపడ్డాయి, ఎన్నో ఇళ్ళు పాడుబడ్డాయి. దీనిని కొందరు వైఫల్యంగా చెబుతారు, ఆ మాట నేను ఒప్పుకోను. బయట దొరకని గౌరవం ఇక్కడ దొరుకుతుందని వచ్చినవారు, అది బయట కూడా చట్టబద్ధంగా లభించాక మరోచోటికి వెళ్ళడంలో తప్పేమీ లేదు. తప్పు ఏదైనా ఉంటే అది నేలను ముక్కలు చేసిన తీరులో ఉంది. ఇరవై అయిదు అడుగుల స్థలం రెండు మూడు తరాల వారసుల మధ్య పడితే దాని బాగోగులు చూసే బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది. పక్కవాడి ఇల్లు కూలుతున్నా చేయి వేసే హక్కు స్థల యజమానుల సంఘానికి లేదు. బే వ్యూ సంఘానికి ఉన్న బలం సరిగ్గా ఈ హక్కే. పైగా బే వ్యూ కుటుంబాలకు మొదటినుంచీ కలిమి తోడుగా ఉంది. 35 డాలర్లను వాయిదాల్లో కట్టుకొన్న కుటుంబాలతో వారిని పోల్చేటప్పుడు ఆ తేడాను మరిచిపోతే అన్యాయం అవుతుంది.

కాబట్టి ఇళ్ళను, ఒడ్డును తరతరాలపాటు కాపాడటమే లక్ష్యమైతే బే వ్యూ పద్ధతే నిస్సందేహంగా మేలు. సమాజ జీవితమే కొలమానమైతే మాత్రం నా ఓటు ఐడిల్‌వైల్డ్‌కే, ఎందుకంటే వైద్యుడూ కార్మికుడూ ఒకే నీటి ఒడ్డున ఇరుగుపొరుగుగా బతికిన చోటు అది. బే వ్యూను కాపాడింది సభ్యత్వపు వడపోత అన్న వాదన కూడా నిలవదు: నేలను లీజుకు ఇచ్చే ఏర్పాటుకూ మతపు షరతుకూ సంబంధం లేదు, రెండవది పోయినా మొదటిది అలాగే ఉంది. నాలుగైదు కుటుంబాలు కలిసి సరస్సు ఒడ్డున విడిది కట్టుకోవాలని అనుకొంటే, నేలను పంచుకోకుండా ఉమ్మడి సంఘం పేరిట ఉంచి, ఎవరిని చేర్చుకొంటామన్న నియమంలో జాతి, మతం, కులం ఊసు లేకుండా తొలి దస్తావేజులోనే రాసుకోవడం మంచిది. తరవాత దిద్దుకొందామంటే ఎంత కాలం పడుతుందో బే వ్యూ చూపించింది. 1940ల నుంచి మోసుకొచ్చిన షరతుల్లో చివరిది పోవడానికి 2019 రావలసి వచ్చింది.