ఎఫ్‌ఐటీసీ మేలా, అలెక్సా ఫ్లోర్ 488 మేలా?

తార్నాక ల్యాబుల్లోనైనా, గచ్చిబౌలి యూనివర్సిటీలోనైనా పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లు సీనియర్లను అడిగే మాట ఇది: "అక్కా, నా యాంటీబాడీకి ఏ డై పెట్టమంటారు?" ముందు ఆ యాంటీబాడీ ఎక్కడికి వెళ్తుందో చెప్పమంటాను.

ఎఫ్‌ఐటీసీ, అలెక్సా ఫ్లోర్ 488 అనేవి యాంటీబాడీకి అతికించే వెలిగే డైలు. ఆ యాంటీబాడీ పట్టుకున్న ప్రొటీన్ ఎక్కడుందో వాటి వెలుగుతోనే తెలుస్తుంది. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. రెండూ 488 నానోమీటర్ల లేజర్‌కి ఆకుపచ్చగా వెలుగుతాయి, కాబట్టి ఫిల్టర్ మార్చే పని లేదు. రెండూ ప్రొటీన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లాలకే అతుక్కుంటాయి. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి కొలిచే ఫ్లో సైటోమెట్రీకైతే నా ఓటు ఎఫ్‌ఐటీసీకే. ధర తక్కువ, పైగా కణం లేజర్ ముందు ఉండేది సెకనులో వెయ్యోవంతు కూడా కాదు, రంగు వెలిసిపోయే తీరికే ఉండదు.

కాన్ఫోకల్ మైక్రోస్కోప్ దగ్గర కథ వేరు. ఒకే కణాన్ని పొరలు పొరలుగా స్కాన్ చేస్తుంటే కింది పొరలకు వచ్చేసరికి ఎఫ్‌ఐటీసీ వెలుగు తగ్గిపోతుంది. అక్కడ ప్రొటీన్ తక్కువగా ఉందని పొరబడే ప్రమాదం ఉంది. కణంలో చెత్తను అరిగించే లైసోసోమ్‌లో మరీ కష్టం: లోపల పీహెచ్ 4.5-5 మధ్య ఉంటుంది, ఎఫ్‌ఐటీసీలో వెలిగే భాగమైన ఫ్లోరెసీన్‌కి ఆమ్లం పడదు, మసకబారుతుంది. అలెక్సా 488 వెలుగు మాత్రం పీహెచ్ 4 నుంచి 10 వరకూ దాదాపు మారదు. ఇలాంటి పనికి ఖర్చుకు వెనకాడొద్దు.

అయితే అలెక్సాని చూసి వాడాలి. మనం కొనేది ఎక్కువగా లైసిన్‌కి అతుక్కునే ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్ రూపం, దానికి నీళ్లే శత్రువు. మన వానాకాలంలో మైనస్ 20 నుంచి తీసిన వయల్‌ని వెంటనే తెరిస్తే గాల్లో తేమంతా లోపల చేరుతుంది. మూత తీయకుండా, వెలుతురు తగలకుండా, గది వేడికి వచ్చేదాకా ఆగండి. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కలిపాక ఆలస్యం చేయకుండా పీహెచ్ 8.3 బైకార్బొనేట్ బఫర్‌లో ఉన్న యాంటీబాడీలో వేయాలి. ఎఫ్‌ఐటీసీకి పీహెచ్ 9 దాకా కావాలి.

ఏది వాడినా బఫర్‌లో ట్రిస్, గ్లైసిన్, బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ప్రొటీన్) ఉంటే ముందు తీసేయాలి, లేకపోతే డైని అవే తినేస్తాయి. ఎక్కువ వేస్తే ఎక్కువ వెలుగుతుందని ఆశపడొద్దు. ఒక్కో యాంటీబాడీకి నాలుగైదు డై అణువులు చాలు. మరీ గుంపైతే ఒకదాని వెలుగును ఇంకోటి మింగేస్తుంది, అతుక్కునే శక్తీ తగ్గుతుంది. యాంటీబాడీ తన లక్ష్యాన్ని (యాంటీజెన్‌ని) పట్టే చోటే లైసిన్‌లుంటే ఈ రెండూ పనికిరాకపోవచ్చు, అప్పుడు సిస్టీన్ అనే మరో అమైనో ఆమ్లానికి అంటుకునే మాలీమైడ్ డై చూడండి.