బ్రేకు ప్యాడ్లు తొందరగా అరిగిపోతుంటే ఏవి వేయించాలి?

ఎండాకాలం సెలవులు అయ్యేసరికి ఈ ప్రశ్న మొదలవుతుంది. తిరుమలకో, శ్రీశైలానికో, అరకుకో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వెళ్లొస్తారు. వారం తిరక్కుండానే ముందు చక్రం దగ్గర కీచుమని మోత. "పోయినసారి ప్యాడ్లు నలభై వేల కిలోమీటర్లు వచ్చాయి, ఇవి పదిహేను వేలకే పోయాయి. ఈసారి కంపెనీవే వేయించనా, సెరామిక్ వేయించనా?" కంపెనీవంటే బండి కంపెనీ అమ్మేవి, సెరామిక్ అంటే పింగాణీ లాంటి సరుకు కలిపి చేసినవి. అడిగేవాళ్లలో ఎక్కువమందివి ఏడు సీట్ల బండ్లే.

నేనూ ఈ ప్రశ్న పట్టుకుని తిరిగినవాణ్ణే. మా డీజిల్ బండికి మొదటి జత 42 వేలు వచ్చింది. రెండో జత కంపెనీదే వేయించాను, 17 వేలకే పోయింది. "ఇవి గట్టివి సార్" అంటే మూడోసారి ఇంకాస్త ఖరీదైన రకం వేయించాను. అవి 13 వేలు కూడా నిలవలేదు. బండి పేరు చెప్పను, ఎందుకంటే తప్పు దానిది కాదని తర్వాత తేలింది.

తేల్చింది విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన. ముందు చక్రాలు రెండూ విప్పి, నాలుగు ప్యాడ్లూ తీసి న్యూస్‌పేపర్ మీద వరసగా పెట్టాడు. ఎడమ చక్రం లోపలి ప్యాడ్ ఇనుము దాకా అరిగిపోయింది. దానికి జోడీ అయిన బయటి ప్యాడ్ సగానికి పైగా ఉంది. కుడివైపు రెండూ సమానంగా, ఇంకో పదివేలు నడిచేలా ఉన్నాయి. "సరుకు బాగోకపోతే నాలుగూ ఒకేలా అరగాలి కదా సార్?" అన్నాడు. నేను రెండేళ్లు తిరిగి తెలుసుకోలేనిది ఆ ఒక్క మాటలో ఉంది.

అందుకే నా మటుకు అసలు పోటీ కంపెనీకీ సెరామిక్‌కీ మధ్య కాదు. ప్యాడ్లు మాత్రమే మార్చడానికీ, ప్యాడ్లని పట్టుకుని నొక్కే కాలిపర్ పని చేయించి ప్యాడ్లు మార్చడానికీ మధ్య.

మన ఏడు సీట్ల బండ్లలో ముందు చక్రాలకి ఎక్కువగా ఉండేది జరిగే రకం కాలిపర్. బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి ముందుకు జరిగే పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని డిస్క్‌కి, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేనికి, నొక్కుతుంది. ఆ నొక్కుడికి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద వెనక్కి జరిగి, బయటి ప్యాడ్‌ని కూడా లాక్కొచ్చి డిస్క్‌కి ఆనిస్తుంది. పెడల్ వదిలితే రెండూ వెంట్రుకవాసి సడలాలి. పిన్ను బిగుసుకుపోతే ఇదంతా చెడుతుంది. ఒక ప్యాడే పనంతా చేస్తుంది, లేదా వదలకుండా డిస్క్‌ని రాసుకుంటూనే ఉంటుంది. వానాకాలం నీళ్లు, దుమ్ము, పిన్నుని కప్పే రబ్బరు బూటు చిరగడం, ఎండిపోయిన గ్రీజు, వీటిలో ఏ ఒక్కటైనా చాలు.

మా బండిలో ఇంకో విచిత్రం. అంతకుముందు ప్యాడ్లు మార్చిన షెడ్డులో పిన్నులకి గ్రీజు పెట్టారు. కాకపోతే బేరింగులకి వాడే మామూలు గ్రీజు. పెట్రోలియం గ్రీజు తగిలితే బ్రేకు రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బిన రబ్బరు పిన్నుని పట్టేసింది. మంచి చేయబోయి ముంచారన్నమాట. అక్కడ వాడాల్సింది బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ లేదా సింథటిక్ గ్రీజు, చిన్న పొట్లాల్లో దొరుకుతుంది. పిన్నులు, బూట్లు కొత్తవి వేసి ఆ గ్రీజు పెట్టినందుకు నాకైన ఖర్చు ప్యాడ్ల ధరలో పదో వంతు కూడా కాలేదు.

ప్యాడ్లు మాత్రమే మార్చే పని అరగంటలో అయిపోతుంది, సర్వీసు బిల్లులో ఒక్క గీత. పాత ప్యాడ్లు నాలుగూ సమానంగా అరిగి, అరగాల్సినంత దూరానికే అరిగి ఉంటే అది చాలు. తొందరగా అరిగిన బండికి మాత్రం అది డబ్బు దండగ. కొత్త ప్యాడ్ పోయి ఆ బిగుసుకున్న పిన్ను కిందే పడుతుంది.

కాబట్టి ఏది కొనాలో అడిగే ముందు పాత ప్యాడ్లు ఇమ్మని అడగండి. ఇస్తారు, అవి మనవే. ఒకే చక్రంలో లోపలిదీ బయటిదీ బాగా తేడాగా ఉంటే పిన్ను గానీ పిస్టన్ గానీ పట్టేస్తోంది. ఒక ప్యాడే ఒక కొస మందంగా, ఒక కొస పలచగా అరిగితే రెండు పిన్నుల్లో ఒకటి బిగిసింది. ఒక చక్రంలోవి రెండూ పోయి అవతలి చక్రంలోవి బాగుంటే పిస్టనో, లోపల వాచిపోయిన రబ్బరు గొట్టమో. ఆ గొట్టం నొక్కినప్పుడు ఆయిల్‌ని పోనిస్తుంది, వదిలినప్పుడు త్వరగా వెనక్కి రానివ్వదు. పైకి చూస్తే బాగానే కనిపిస్తుంది.

నాలుగూ సమానంగా అరిగాయి, కానీ తొందరగా అరిగాయంటే? అప్పుడు వెనక చక్రాలు చూడాలి. ఎర్టిగాకి, ఇన్నోవా క్రిస్టాకి వెనక ఉండేవి డిస్కులు కాదు, డ్రమ్ములు, అంటే లోపలి నుంచి లైనర్లు ఒత్తుకునే గిన్నెలు. లైనర్లు అరిగేకొద్దీ వాటంతట అవే దగ్గరకు జరగడానికి లోపల అడ్జస్టర్ ఉంటుంది. అది దుమ్ముతో బిగిసిపోతే వెనక బ్రేకు సరిగ్గా పట్టదు, భారమంతా ముందు ప్యాడ్ల మీదే. హ్యాండ్ బ్రేక్ చాలా పైకి లాగితే గానీ పట్టడం లేదంటే ముందు దీన్నే అనుమానించాలి. మన పెనుకొండలో తయారయ్యే కారెన్స్‌కి నాలుగు చక్రాలకీ డిస్కులే. దానికి వెనక ప్యాడ్లు కూడా కొలవమని చెప్పాలి, చాలామంది ముందువి చూసి వదిలేస్తారు.

అక్కడా తేడా లేకపోతే ఇక మిగిలింది మన కాలు. తిరుమల నుంచి దిగే దారి 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు. సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతాం. ఏడుగురితో, సామానుతో బండి 2,300 కిలోలనుకుంటే, ఆ దిగుడులో ఎక్కడో ఒకచోట వేడిగా మారాల్సిన శక్తి దాదాపు 50 లీటర్ల చన్నీళ్లని మరిగించేంత. గాలి కొంత తీసుకుంటుంది. మిగతాది ఇంజన్‌కి అప్పజెబుతారా, ప్యాడ్లకి అప్పజెబుతారా అన్నది గేరు రాడ్ మీద ఉన్న చేతి పని. రెండో గేరులో, మలుపులు తక్కువున్నచోట మూడో గేరులో దిగితే బ్రేకు అప్పుడప్పుడు తాకిస్తే చాలు. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లోకి మార్చుకోవాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇప్పటి ఇంజన్లు డీజిల్ పోయడమే ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే ఎంతో కొంత తాగుతాయి. అంటే ప్యాడ్లూ పోయె, డీజిలూ పోయె.

సరే, కాలిపర్ బాగు చేయించాక ఏ ప్యాడ్లు?

నా మొగ్గు కంపెనీ వాటికే. ఆ బండి బరువుకి, ఆ డిస్కుకి, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఆ ఏబీఎస్‌కి తగ్గట్టు ఎంచిన సరుకు అది. క్లిప్పులు, మోత రాకుండా ప్యాడ్ వెనక పెట్టే షిమ్ములు కూడా అమర్చినట్టు సరిపోతాయి. సెరామిక్‌లో మంచి గుణాలు లేకపోలేదు. చక్రాల మీద నల్లటి పొడి తక్కువ, మోత తక్కువ, డిస్కుని కూడా మెల్లగా అరగదీస్తాయి. ఊళ్లోనే తిరిగే బండికి, అల్లాయ్ చక్రాలు మెరుస్తూ ఉండాలనుకునేవాళ్లకి హాయి. కానీ లోహం పాలు ఎక్కువున్న ప్యాడ్ వేడిని బయటికి లాగినట్టు ఇవి లాగవు. నిండు బండితో ఏడాదికి మూడు నాలుగు సార్లు ఘాట్లు దిగే మాలాంటివాళ్లం ఎందుకు ఎక్కువ డబ్బు పెట్టాలో నాకైతే అర్థం కాలేదు. బాష్, రాణే లాంటి పేరున్న బయటి సరుకు మీ మోడల్‌కి సరిగ్గా సరిపోయేది దొరికితే నిక్షేపంగా వేయించుకోవచ్చు. పేరూ ఊరూ లేని డబ్బాలో చవగ్గా వచ్చే వాటి గురించి చెప్పడానికేం లేదు, వద్దు.

డిస్కు సంగతి రెండు ముక్కలు. దాని మీద కనీస మందం ఎంతో అచ్చు కొట్టి ఉంటుంది. లేత్ మీద పట్టించాక కూడా దానికి పైన ఉంటేనే పట్టించడం దండగ కాదు, లేదంటే కొత్తది కొనడమే. ఎలాగూ విప్పారు కాబట్టి బ్రేక్ ఆయిల్ ఎన్నాళ్లయిందో కూడా చూడమనండి. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్త ఆయిల్‌కి మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు ఉండాలి, తేమ పట్టాక అదే 155కి దిగవచ్చు. అలాంటి ఆయిల్ మరిగి ఘాట్ మధ్యలో పెడల్ మెత్తబడితే ప్యాడ్ ఏ రకమైనా ఒకటే.

మా బండికి ఇప్పుడున్నది నాలుగో జత, కంపెనీదే. కొత్తలో ఓ రెండు వందల కిలోమీటర్లు గట్టిగా తొక్కకుండా నడిపాను. 21 వేలు దాటాక మొన్న కొలిపించాను. ఎడమ లోపలిది 7 మి.మీ., బయటిది కూడా దాదాపు అంతే. పెద్దాయన పిన్నుల్ని చేత్తో అటూ ఇటూ జరిపి చూసి, కొంచెం గ్రీజు పెట్టి, లేబర్ డబ్బులు కూడా వద్దన్నాడు. దసరాకి శ్రీశైలం అనుకుంటున్నాం. వచ్చాక మళ్లీ విప్పించి చూడాలి.