పాత పెట్రోల్ జీపు ట్యాంకు: సీలర్ పూత, ఆ తర్వాత స్టీలు ట్యాంకు, రెండూ వాడి చూశాక

ముందే చెప్పేస్తా. ట్యాంకు లోపల తుప్పు పట్టినా రేకు గట్టిగా ఉంటే ఎపాక్సీ సీలర్ పూత (లోపల పోసి తిప్పితే గట్టిపడి పొరలా అతుక్కునేది) పెట్టిన డబ్బుకి తగ్గ పని చేస్తుంది. అడుగున సూది బెజ్జాలు మొదలయ్యాయంటే మాత్రం ఇక పూతలూ మాట్లూ అనవసరం, కొత్త ట్యాంకు చేయించుకోవడమే. ఇంకో సంగతి కూడా ఉంది, దాని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు: జీపు ట్యాంకుకి లోపలి తుప్పు కన్నా బయటి తుప్పే ఎక్కువ ప్రమాదం.

నా బండి మహీంద్రా సీజే-3బీ. మా నాన్నగారి కాలం నుంచీ ఒడిశాలోని రాయగడలోనే ఉంది. మా వైపు ఈ జీపులన్నీ ఎప్పుడో డీజిల్ ఇంజన్లకి మారిపోయాయి, నాది మాత్రం ఇప్పటికీ పాత హరికేన్ పెట్రోల్ ఇంజన్‌తోనే నడుస్తోంది, మార్చమని సలహా ఇచ్చేవాళ్ళకి మా వీధిలో లోటు లేదు. ఈ బండిలో ట్యాంకు ఎక్కడుంటుందో తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, సరిగ్గా డ్రైవర్ సీటు కింద. ఫ్లోరులో ఒక గుంటలా నొక్కి ఉంటుంది, అందులో ట్యాంకు కూర్చుంటుంది, పైన పట్టీలు బిగిస్తారు. అంటే కూర్చున్న మనిషి ముప్పై నలభై లీటర్ల పెట్రోల్ మీద కూర్చున్నట్టే. ఎక్కడ కొంచెం కారినా ముందు ముక్కుకే తెలుస్తుంది, అదొక్కటే లాభం.

తుప్పు సంగతి మొదట బయటపడింది ఘాట్ రోడ్డు మీద. లక్ష్మీపూర్ వైపు ఎక్కేటప్పుడు థర్డ్ నుంచి సెకండ్‌కి మార్చగానే ఇంజన్ ఊపిరి ఆడనట్టు ఎగశ్వాస తీసి ఆగిపోయేది. పది నిమిషాలు ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు ఎక్కేసేది. కాయిల్ అన్నారు, కండెన్సర్ అన్నారు, రెండూ మార్చాం. అసలు కారణం ఏంటంటే ట్యాంకులో పెట్రోల్ లాగే పైపు చివర సన్న జాలీ ఉంటుంది, తుప్పు పొడి ఆ లాగుడికి వచ్చి జాలీకి అతుక్కుంటుంది, ఇంజన్ ఆగాక లాగుడు ఉండదు కాబట్టి రాలిపోతుంది. మీ బండీ ఇలాగే చేస్తుంటే ముందు ట్యాంకు మూత తీసి చూడండి. సుయ్ మని గాలి లోపలికి పీల్చుకుంటే గాలి బెజ్జం మూసుకుపోయినట్టు, ఆ రిపేరు పైసా ఖర్చు లేనిది. ఏ శబ్దమూ లేకపోతే ఫ్యూయల్ పంపు గాజు గిన్నె విప్పండి. నా గిన్నెలో అడుగున కాఫీ పొడి లాంటి మడ్డి ఉంది, వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడింది.

2018 వేసవిలో ట్యాంకు దించాం. డ్రెయిన్ బిరడా విప్పి పెట్రోల్ తీసేశాక, ఫ్లోట్ యూనిట్ (పెట్రోల్ ఎంతుందో మీటరుకి చెప్పేది) ఊడదీసి ఆ బెజ్జంలోంచి సెల్ లైటు వేసి చూస్తే లోపల పైభాగమంతా ఎర్రగా పొక్కులు, అడుగు మాత్రం ఒక మాదిరిగా ఉంది. ఇది మామూలే, పెట్రోల్ తడి తగలని పై సగమే గాలిలోని చెమ్మతో తుప్పు పడుతుంది, సగం ట్యాంకుతో బండిని వానాకాలం మూల పడేస్తే ఇంకా త్వరగా. మెకానిక్ చిన్న సుత్తితో చుట్టూ తట్టి చూశాడు. ఖంగుమంటే రేకు ఉన్నట్టు, డబ్ మని మొద్దు శబ్దం వస్తే పోయినట్టు. అంతటా ఖంగుమంది కాబట్టి సీలర్ వేయాలని తేల్చుకున్నాం.

శుభ్రం చేయడానికి బాత్రూమ్ యాసిడ్ పోయమని చాలామంది అంటారు, వద్దు. అది తుప్పుతో పాటు మంచి రేకునీ తినేస్తుంది, కడిగాక గంటలో మళ్ళీ ఎర్రబడుతుంది. నేను వాడింది నిమ్మ ఉప్పు, కిరాణా కొట్లో దొరికేదే. లీటరు వేడినీళ్ళకి యాభై గ్రాముల లెక్కన కలిపి ట్యాంకు నిండా పోసి ఒక రాత్రీ పగలూ ఉంచాం. అంతకు ముందే గుప్పెడు గులకరాళ్ళూ ఒక సన్న గొలుసూ వేసి ఊపి ఊపి పొక్కులు రాల్చాం, చేతులు పడిపోయాయి. నిమ్మ ఉప్పు నీళ్ళు వంపాక వంట సోడా నీళ్ళతో కడగడం తప్పనిసరి, ఆ వెంటనే ఎండలో పెట్టి బ్లోయర్‌తో లోపల గాలి కొట్టాలి. ఇక్కడ ఆలస్యం చేస్తే బూడిద రంగు రేకు మీద నారింజ రంగు పొర కళ్ళముందే వచ్చేస్తుంది.

సీలర్ రెండు డబ్బాల ఎపాక్సీ. అప్పట్లో మూడు వేల లోపే పడింది. పోయడం తేలికే, ట్యాంకుని అన్ని వైపులకీ నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి, మిగిలింది మొత్తం వంపేయాలి. చాలామంది దెబ్బతినేది ఈ వంపడంలోనే. లోపల పెట్రోల్ అటూ ఇటూ ఊగకుండా అడ్డుపలకలు ఉంటాయి, వాటి వెనక సీలర్ గుంట కట్టి నిలిచిపోతే అక్కడ సరిగ్గా గట్టిపడదు, తర్వాత అట్టలు అట్టలుగా లేచి మళ్ళీ అదే జాలీకి అడ్డం పడుతుంది. పెట్రోల్ లాగే పైపులోంచి మధ్యమధ్య గాలి ఊదుతూ ఉండాలి, లేకపోతే పైపే మూసుకుపోతుంది. స్క్రూ బెజ్జాల్లో ముందే గ్రీజు కుక్కి పెట్టుకోండి. ఈ పని మార్చి ఏప్రిల్‌లో చేయండి, ఆషాఢంలో మా రాయగడ గాలికి ఏ పూతా ఆరదు.

పనితనం సంగతి అడిగితే, వంక పెట్టడానికి లేదు. గాజు గిన్నె శుభ్రంగా ఉండేది, ఘాట్ మీద ఆగడం పోయింది, కార్బురేటర్ విప్పాల్సిన అవసరమే రాలేదు. గునుపూర్, బిస్సం కటక్, మునిగుడ, పార్వతీపురం, ఏడాది పొడుగునా తిరిగాను.

2024 వానల్లో సీటు కింద పెట్రోల్ వాసన మొదలైంది. చుక్క కారడం కనపడదు, వాసన మాత్రం వస్తుంది. ట్యాంకు దించితే లోపల పూత చెక్కు చెదరలేదు, కొత్తగా వేసినట్టు మెరుస్తోంది. తిరగేసి చూశాను. అడుగున అరచేయంత మేర రేకు పొరలు పొరలుగా ఉబ్బి ఉంది, గోరుతో గీరితే రాలింది, రాలినచోట నల్ల ఇనుము కాదు, సీలర్ పొర వెనక వైపు కనిపించింది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగింది. అంటే ఎన్నాళ్ళ నుంచో ఆ ముక్కలో పెట్రోల్‌ని మోస్తున్నది ఇనుము కాదు, పూత ఒక్కటే. దాని మీద కూర్చుని మా అమ్మని మజ్జిగౌరి గుడికి తీసుకెళ్ళాను మరి.

కారణం ఫ్లోరులోని ఆ గుంట. బూట్ల మట్టీ, టాపు చివర్ల నుంచి కారే వాననీళ్ళూ, అన్నీ అందులోకే దిగుతాయి. అడుగున నీళ్ళు పోయే బెజ్జం ఉంటుంది కానీ మట్టితో మూసుకుపోయి ఉంటుంది, ట్యాంకు కింద తడి మట్టి నెలల తరబడి అలాగే ఉంటుంది. సీలర్ లోపలి నుంచి కాపాడింది, బయటి నుంచి తింటున్నదాన్ని అదెలా ఆపుతుంది. సీలర్ కొనేవాళ్ళందరికీ నా మాట ఒక్కటే, ట్యాంకు దించినరోజే ఆ గుంట గీకి, బెజ్జం పొడిచి, రెడ్ ఆక్సైడ్ రంగు వేసి అప్పుడు ఎక్కించండి.

అడుగు కోసి కొత్త రేకు అతికిద్దామా అని అడిగితే మా మెకానిక్ నవ్వాడు. "రేకే నేకపోతే దేనికి అతుకుతాం బాబూ" అన్నాడు. నిజమే, చుట్టూ ఎక్కడ వేడి పెట్టినా పక్క రేకు కూడా కరిగిపోతుంది, లోపలి ఎపాక్సీ కాలిపోతుంది. పైగా వెల్డింగ్ వాళ్ళు పాత పెట్రోల్ ట్యాంకు చూస్తేనే పారిపోతారు, వాళ్ళ భయం న్యాయమే. గాలిలో పెట్రోల్ ఆవిరి ఒకటిన్నర శాతం దాకా ఉంటే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఆవిరి గాలి కన్నా బరువు, అడుగునే కూర్చుంటుంది, తుప్పు పొరల కింద దాగిన తడి వేడికి మళ్ళీ ఆవిరవుతుంది. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే భయంకరం. "రెండ్రోజులు ఎండలో పెట్టాం, ఏం కాదు" అనేవాడి దగ్గర నిలబడకండి.

దుకాణాల్లో నల్ల రంగు వేసిన రెడీమేడ్ ట్యాంకులు దొరుకుతాయి. ఒకటి తెప్పించి చూశా, పట్టీలు కూర్చోవు, రేకు పల్చన, వాపసు ఇచ్చేశా. జీఐ రేకుతో, అంటే జింక్ పూత ఉన్న ఇనుప రేకుతో, చౌకగా చేస్తామన్నవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన పెట్రోల్, 2023 ఫిబ్రవరిలో కొన్నిచోట్ల మొదలైన ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ ఉన్నది) ఇప్పుడు అంతటా అదే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నీరు మరీ ఎక్కువైతే రెండూ కలిసి విడిపోయి అడుగుకి దిగుతాయి, ఆ నీళ్ళు జింక్ పూతని తింటాయి, తెల్ల పొడి మళ్ళీ జాలీ దగ్గరికే. అందుకని జీఐ వద్దు.

చివరికి చేయించింది స్టెయిన్‌లెస్ స్టీలుతో, 304 రకం, 1.2 ఎంఎం రేకు, ఆర్గాన్ వెల్డింగ్. చేసింది ఆటో షాపువాళ్ళు కాదు, మెట్లకి స్టీలు రైలింగులు చేసే ఆయన. కొత్త రేకే కాబట్టి ఆయనకి భయం లేదు. పాత ట్యాంకుని కొలతకి ఇచ్చాను, లోపల అడ్డుపలకలు పెట్టమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, నీళ్ళ డబ్బా అనుకున్నాడు పాపం. మొత్తం తొమ్మిది వేల పైచిలుకు అయింది. పరీక్షకి కంప్రెసర్ గాలి పెట్టనివ్వకండి, ట్యాంకు బంతిలా ఉబ్బుతుంది. సైకిల్ పంపుతో ఒకటి రెండు పీఎస్ఐ గాలి ఒత్తిడి చాలు, సబ్బు నురగ రాస్తే బుడగలే చెప్తాయి. మాకు ఒక మూల బుడగ వచ్చింది, అక్కడికక్కడే మళ్ళీ వెల్డింగ్ పెట్టించాం.

స్టీలుతో రెండు చిక్కులు. ఒకటి, అది జీపు ఇనుముకి నేరుగా తగిలి తడిస్తే ఈసారి తుప్పు పట్టేది జీపు ఫ్లోరు. కింద దళసరి రబ్బరు ముక్కలు, పట్టీల కింద కూడా రబ్బరు వేశాం, పైగా కుదుపులకి వెల్డింగ్ చిట్లకుండా అదే కాపాడుతుంది. రెండోది ఆ రబ్బరు వల్లే వచ్చింది. పెట్రోల్ మీటరు ముల్లు చచ్చిపోయింది. మీటరు పోయిందనీ, ఫ్లోట్ పోయిందనీ రెండు షాపుల్లో చెప్పారు. అసలు ఫ్లోట్ యూనిట్‌కి ఎర్త్ అందేది ట్యాంకు రేకు ద్వారా, ట్యాంకు రబ్బరు మీద కూర్చుంటే ఇక ఎర్త్ ఎక్కడిది. ఫ్లోట్ స్క్రూ నుంచి ఛాసిస్‌కి ఒక వైరు కట్టగానే ముల్లు లేచింది.

రెండు వానాకాలాలు దాటింది. గాజు గిన్నెలో మడ్డి లేదు, వాసన లేదు, వానాకాలం ముందు ఒకసారి గుంటలోకి పైపుతో నీళ్ళు కొట్టి కింద బెజ్జంలోంచి పోతున్నాయో లేదో చూసుకుంటున్నా. ఇప్పుడు తలనొప్పల్లా పాత రబ్బరు పైపులే, ఇథనాల్‌కి మెత్తబడి జిగురుగా అవుతున్నాయి, పంపు డయాఫ్రమ్ కూడా ఒకటి పోయింది. ఈ20కి పనికొచ్చేవి అని అడిగి మరీ పైపులు కొనండి, మీటరు మూడు నాలుగొందలు చెప్తారు, బేరం ఆడితే కొంచెం తగ్గిస్తారు.