19 ఘనపుటడుగుల పోనీ బాటిల్‌తో రెండేళ్లు

ఫ్లోరిడాలోని కీ లార్గో దగ్గర స్పీగల్ గ్రోవ్ అనే పాత అమెరికా నావికాదళ నౌకను 2002లో కృత్రిమ పగడపు దిబ్బగా సముద్రంలో ముంచారు. దాని పొడవు 155 మీటర్లు, అడుగుభాగం సుమారు 40 మీటర్ల లోతున ఉంటుంది. ప్రవాహం జోరుగా ఉన్న రోజున అక్కడ స్కూబా డైవింగ్‌కు దిగితే, జతగా దిగిన డైవర్, అంటే బడ్డీ, కాస్త దూరం జరిగితే చాలు, మసకలో కనిపించకుండా పోతాడు. నా ప్రధాన సిలిండర్ మొరాయిస్తే ఊపిరి అందించవలసినవాడు అతడే గనుక, ఆ ఒక్క భరోసా మీదే దిగడం ఇష్టం లేక రెండేళ్ల క్రితం 19 ఘనపుటడుగుల అల్యూమినియం సిలిండరును, సిలిండర్‌లోని గాలి పీడనాన్ని తగ్గించి నోటికి అందించే రెగ్యులేటరును దానికి విడిగా ఒకటి కొనుక్కున్నాను. ఇంగ్లీషువాళ్లు దీనికి పొట్టి గుర్రం పేరు పెట్టి పోనీ బాటిల్ అన్నారు గాని, మన చెవికి మాత్రం అది ‘పోనీ, ఇదన్నా ఉంది’ అన్న ఊరటలాగే వినిపిస్తుంది.

ప్రాజెక్టుల వార్తల్లో టీఎంసీల రూపంలో మనకు పరిచయమైన ఘనపుటడుగే ఇక్కడా కొలత. అయితే అది సిలిండర్ లోపలి ఖాళీని చెప్పదు. అందులో కుదించిన గాలిని బయటికి వదిలితే ఎంత చోటు ఆక్రమిస్తుందో చెబుతుంది. 3,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో పీడనం) వరకు నింపిన ఈ సిలిండర్‌లో సుమారు 538 లీటర్ల గాలి ఉంటుంది. తాపీగా ఉన్నప్పుడు నిమిషానికి 15 నుంచి 20 లీటర్లు పీల్చే మనిషి, కంగారులో 30 లీటర్లు పీలుస్తాడనుకుందాం. 30 మీటర్ల లోతున పీడనం ఉపరితలానికి నాలుగింతలు కాబట్టి అక్కడ ఏం జరిగిందో గ్రహించి తేరుకునే ఒక్క నిమిషానికే 120 లీటర్లు ఖర్చవుతాయి. నిమిషానికి 9 మీటర్ల వేగంతో పైకి రావడానికి మరో 250 లీటర్లు, పైకి వచ్చే దారిలో భద్రత కోసం 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్‌కు 135 లీటర్లు కలిపితే మొత్తం 505 అవుతుంది. 13 ఘనపుటడుగుల సిలిండర్‌లో ఉండేది 368 లీటర్లే, అంటే సేఫ్టీ స్టాప్‌కు ఏమీ మిగలదు. రెగ్యులేటర్ కూడా అందులోనే అమరి ఉండే స్పేర్ ఎయిర్ అనే బుల్లి సిలిండర్‌లో పెద్ద మోడల్ 3 ఘనపుటడుగులది. చేతిసంచిలో పట్టేంత ముచ్చటగా ఉంటుంది గాని, అందులోని 85 లీటర్లు పై లెక్కన 30 మీటర్ల లోతున నలభై సెకన్లకు మించి రావు. పది మీటర్లు దాటి దిగనివారికి అది చాలునేమో, నాకు చాలదు.

దీన్ని ప్రధాన సిలిండర్ పక్కన క్లాంపుతో బిగించుకునేవారు ఉన్నారు. నేను మొదటి నాలుగు డైవులు అలాగే చేసి మానుకున్నాను, ఎందుకంటే వీపు వెనక ఉన్న వాల్వు చేతికి అందదు, గాలి ఎంత ఉందో చూపే గేజ్ కంటికి కనిపించదు. ఇప్పుడు ఎడమ పక్కన రెండు కొక్కేలతో డైవింగ్ జాకెట్ రింగులకు తగిలించుకుంటున్నాను. అవసరమైతే విప్పి ఇంకొకరి చేతికి ఇవ్వవచ్చు కూడా. ఒకవైపే బరువు పడి ఒరుగుతున్నందున రెండు పౌండ్ల సీసం కుడివైపుకు మార్చుకున్నాను. వాల్వు తెరిచి ఉంచాలా, మూసి ఉంచాలా అన్న వాదన మాత్రం పడవ ఎక్కిన ప్రతిసారీ మొదలవుతుంది. తెరిచి ఉంచితే, మౌత్‌పీస్ నుంచి గాలి దానంతటదే పొంగిపోయినా మనం గమనించకపోవచ్చు. మూసి ఉంచితే, గొట్టంలోని పీడనం తగ్గినప్పుడు రెగ్యులేటర్‌లోకి ఉప్పునీరు చేరవచ్చు, పైగా కంగారులో ఒక పని అదనమవుతుంది. నేను తెరిచే ఉంచి, మౌత్‌పీస్‌ను మెడ కింద సాగే తాడుతో కట్టుకుంటాను. పోనీ బాటిల్ మౌత్‌పీస్‌ను ప్రధాన సిలిండర్‌దనుకుని నోట పెట్టుకుని దిగిపోయే ప్రమాదం నిజంగా ఉంది, అందుకే దాని గొట్టానికి పసుపు తొడుగు వేశాను. ఇందులోని గాలిని డైవు లెక్కలో ఎన్నడూ కలపను.

వాడని వస్తువును మరిచిపోవడం తేలిక గనుక అసలు శ్రమ నిర్వహణలోనే ఉంది. ప్రతి డైవు తరువాత మంచినీటితో కడగాలి; అప్పుడు రెగ్యులేటర్ మూత గట్టిగా బిగించి ఉండాలి, గాలి పీడనం లేనప్పుడు మౌత్‌పీస్ మీద గాలిని బయటికి వదిలే పర్జ్ బటన్ నొక్కకూడదు, నొక్కితే నీళ్లు లోపలికి పోతాయి. సిలిండర్‌ను పూర్తిగా ఖాళీ చేస్తే తేమ చేరుతుంది కాబట్టి కొంత పీడనం ఎప్పుడూ నిలిపి, నిలువుగా, ఎండ తగలని చోట పెడతాను. కొన్ని డైవులకొకసారి 5 మీటర్ల దగ్గర ఆగినప్పుడు ఒక నిమిషంపాటు దీనితోనే ఊపిరి పీలుస్తాను. రెగ్యులేటర్ పరీక్షా అవుతుంది, చేతికి దారీ గుర్తుంటుంది.

అమెరికాలో ఏడాదికొకసారి లోపలి తనిఖీ స్టిక్కర్, అయిదేళ్లకొకసారి హైడ్రో పరీక్ష లేకుండా డైవ్ షాపులు సాధారణంగా గాలి నింపవు. ఆ పరీక్షలో సిలిండర్‌ను పని పీడనానికి అయిదు బై మూడు రెట్లు, అంటే 3,000 పీఎస్ఐ దానిని 5,000 వరకు, నీటితో ఒత్తి చూస్తారు. నేను మోసపోయింది ఇక్కడే. అయిదేళ్లు లెక్కపెట్టేది కొన్న రోజు నుంచి కాదు, సిలిండర్ భుజం మీద చెక్కిన పరీక్ష నెల, సంవత్సరం నుంచి. నాకు అమ్మిన దుకాణంలో ఆ సిలిండర్ పద్నాలుగు నెలలు అటక మీద ఉందన్న సంగతి, ఇంటికి వచ్చి చెక్కుడు చదివినప్పుడు గాని తెలియలేదు. అడిగితే, కొత్తదే కదా అని నవ్వారు. సరుకు బాగానే ఉంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు, కానీ డబ్బు ఇచ్చేముందు ఆ అంకెలు చదవండి.

విమానంలో తీసుకుపోదామనుకునేవారికి మరో ఇబ్బంది. అమెరికా విమానాశ్రయాల్లో వాల్వు పూర్తిగా ఊడదీసి, లోపల కనిపించేలా తెరిచి ఉంటే తప్ప సిలిండర్‌ను అనుమతించరు. ఇండియాలోనేమో 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం ఆమోదం పొందిన రకం సిలిండర్‌లోనే గాలి నింపాలి. అందువల్ల విశాఖకో అండమాన్‌కో వెళ్లేటప్పుడు సిలిండర్‌ను ఇక్కడే గదిలో నిలబెట్టి, రెగ్యులేటరును, కొక్కేల పట్టీలను మాత్రం సంచిలో వేసుకుని, చిన్న సిలిండర్ అద్దెకు దొరుకుతుందా అని అక్కడివారిని ముందుగానే అడుగుతున్నాను.