న్యాయతత్వంలో తొలి పాఠం: ఆస్టినా, పడవ కేసా, జబల్‌పూర్ కేసా?

లా విద్యార్థుల్లో చాలామందికి జూరిస్‌ప్రుడెన్స్ (న్యాయతత్వం, అంటే చట్టం అసలేమిటనే చర్చ) పేపరంటే టెన్షన్. పేర్లు, సిద్ధాంతాలు బట్టీపట్టి గట్టెక్కుతారు గానీ, ఆ మహానుభావులు దేని గురించి వాదించుకున్నారో తెలియకుండానే కోర్సు అయిపోతుంది. మరి కొత్తవాళ్లకు దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలి?

సిలబస్ ప్రకారం వెళ్తే ఇంగ్లిష్ న్యాయతత్వవేత్త జాన్ ఆస్టిన్. చట్టమంటే సార్వభౌముడి ఆజ్ఞ, మీరితే శిక్ష అని 1832లో అచ్చయిన ఉపన్యాసాల్లో చెప్పాడు. మరి తుపాకీ చూపి డబ్బిమ్మనే దొంగదీ ఆజ్ఞే కదా, అదీ చట్టమేనా అని తర్వాత మరో న్యాయతత్వవేత్త హార్ట్ నిలదీశాడు. పరీక్షకు ఈ వరుస బాగుంటుంది. ప్రశ్న మనసులో పుట్టకముందే జవాబులు చేతికిస్తుంది, అదే చిక్కు.

క్లాసును కట్టిపడేయాలంటే 1884 నాటి ఇంగ్లండు కేసు ఉంది. మిన్యొనెట్ అనే పడవ మునిగింది. నడిసముద్రంలో ఆకలికి తాళలేక డడ్లీ, స్టీఫెన్స్ తమతో ఉన్న కుర్రాడు పార్కర్‌ని చంపి తిన్నారు. కోర్టు మరణశిక్ష వేసింది, తర్వాత అది ఆరు నెలల జైలుకు తగ్గింది. అందరూ నోరు తెరిచి వింటారు. అయితే చర్చ కాసేపట్లోనే ‘చంపడం తప్పా, కాదా’ అనే దగ్గరికి జారిపోతుంది. చట్టం అంటే ఏమిటన్నది పక్కకు పోతుంది.

నా ఓటు సుప్రీంకోర్టు విన్న ఏడీఎం జబల్‌పూర్ కేసుకి. ఎమర్జెన్సీలో మీసా (ఆంతరంగిక భద్రతా చట్టం) కింద విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్లు హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే ఉత్తర్వు) అడిగారు. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21వ అధికరణ అమలును రాష్ట్రపతి ఉత్తర్వు ఆపేసింది కాబట్టి కోర్టుకు రాలేరన్నది ప్రభుత్వ వాదన. ఒక పోలీసు అధికారి పగతో ఎవరినైనా చంపేస్తే కూడా దిక్కు లేదా అని జస్టిస్ ఖన్నా అడిగారు. ‘నా వాదన ప్రకారం ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదు’ అన్నారు ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ నిరేన్ డే. 1976 ఏప్రిల్ 28న నలుగురు జడ్జీలు ప్రభుత్వం వైపు తీర్పిచ్చారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. బతికే హక్కు రాజ్యాంగం రాసినందువల్ల మాత్రమే వచ్చిందా? ఆ కాగితం పక్కన పెడితే రాజ్యానికి మన ప్రాణం మీద అదుపులేని అధికారం వస్తుందా? న్యాయతత్వం మొత్తం ఇక్కడే ఉంది.

ఒక జాగ్రత్త. చాలామంది ఖన్నాను ‘సహజ చట్టం’ (మనిషి రాసిన చట్టానికి పైన నైతిక చట్టం ఉందనే సిద్ధాంతం) నమ్మేవాళ్ల గూట్లో పడేస్తారు. ఆయన పట్టుకున్నది ప్రధానంగా చట్టబద్ధ పాలన అనే సూత్రాన్ని.

చదివేటప్పుడు మెజారిటీ తీర్పులే ముందు చదవండి. ఖన్నాతో మొదలుపెడితే మిగతా నలుగురూ పిరికివాళ్లని తేల్చేసి ఆలోచించడం మానేస్తాం. వాళ్ల వాదన మాత్రం అంత తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు, ఎమర్జెన్సీలో ప్రాథమిక హక్కుల అమలు ఆపే అధికారాన్ని రాష్ట్రపతికిచ్చే 359వ రాజ్యాంగ అధికరణే దానికి ఆధారం. ఆ తర్వాత ఖన్నా, ఆపైన గోప్యత హక్కుపై సుప్రీంకోర్టు ఇచ్చిన 2017 పుట్టస్వామి తీర్పు. అందులో నాటి మెజారిటీ జడ్జి వై.వి. చంద్రచూడ్ కుమారుడే తండ్రి తీర్పు తప్పని రాశారు. ఆస్టిన్‌ని అప్పుడు తీయండి, పడవ కేసుని క్రిమినల్ లా క్లాసుకి దాచుకోండి.